ఉగాది సంకల్పము – నిత్య లింగపూజ



చైత్ర శుద్ధ పాడ్యమి నాడు తలంటుకొని, వేపపూత పచ్చడి సేవించి, పంచాంగ శ్రవణము చేయుట మన తెలుగునాట అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఆ దినమున “నేటి నుండి బీడీ ముట్టను, సారా త్రాగను, కోడి కూయక ముందే లేతును” అని సంకల్పించువారు అనేకులు. చైత్ర పూర్ణిమ దాకను ఆ మాట నిలుపుకొనువారు కొద్దిమంది. (పండుగ పేరు చెప్పి ఆనాడే పేకాటకు కూర్చుండు ఊళ్ళును మన సీమలో లేకపోలేదు.) సంకల్పము మంచిదే గదా, మరి అది ఏల నిలువదు?

భక్తునకు తిథి వార నక్షత్రముల విచారణతో పని లేదనియు, భక్తి కుదిరిన వేళయే శుభవేళ యనియు బసవేశ్వరుని మతము. దీనికి నిదర్శనమును వెదకుచు మనము కళ్యాణ పట్టణము దాక పోనక్కరలేదు. స్వర్ణముఖీ తీరమున శ్రీకాళహస్తిలోనే కన్నప్ప కొండ కలదు. ఆ మహానుభావుని చరితమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చేర్చెను. వేటకు వచ్చిన బోయ లింగమును చూచిన క్షణముననే మారిపోయెను, ముహూర్తము అడుగలేదు. అయితే ఆ కథలో మనము తరచు మరచునది ఒకటి కలదు. ఆయన మరునాడును వచ్చెను, ఆ మరునాడును వచ్చెను. నోట నీరు, తలపై పూవులు మోసికొని వచ్చెను. కన్నుల నర్పించుటను చెప్పుకొని పరవశించు మనకు ఈ రాకపోకలు చిన్నవిగా తోచును. ఆ కన్నులిచ్చు ధైర్యము ఈ రాకపోకలలోనే పెరిగినది.

మన కాలపు విషయము నొకటి చూతము. 1992లో పొరుగున నున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుచున్న స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమము మన చిత్తూరు జిల్లాకును ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. చట్టము వచ్చినట్లే పోయినది. పగలెల్ల కూలి చేసి, కూడి చదువుకొని, కూడి మాటలాడుకొనిన ఆ స్త్రీలది చట్టము కంటె ముందు పుట్టిన బలము. మగవాని కూలి డబ్బు సారా అంగడికి పోగా పిల్లలు పస్తుండుటను వారు దినదినము చూచినవారు; కనుక వారి పట్టుదలయు దినదినము క్రొత్తగనే యుండెను.

ఇట్టి నిత్యబలము వీరశైవునకు మెడలోనే యున్నది. ఇష్టలింగమును దినమును అరచేత నుంచుకొనువాడు ఏడాదికి ఒక ఉగాదిని నమ్ముకొననేల? మానదలచిన దురభ్యాసమును ఈ పూజకు ముడివేయవలయును. లింగమును కరమున గ్రహింపక ముందు, నిన్న జరిగినది జరిగినట్లు మనసులో నివేదించి, ఈ ఒక్క దినమునకు మాత్రమే వ్రతము పట్టవలయును. సంవత్సరమంతటి బరువు నొక్కమారు ఎత్తుకొనరాదు. ఒకనాడు తప్పినచో, సిగ్గుచే పూజ మానుట రెండవ తప్పు; అది మొదటి దానికంటె పెద్దది. ఇంటివారును ఆనాడు దెప్పిపొడువరాదు. ఎందరో మరల త్రాగుడుకు పోయినది ఆ మాటలు పడలేకనే.

ఇక ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ. నేలరాలిన బియ్యపు గింజల నేరుకొని వచ్చి దాసోహము సాగించిన దంపతులు వారు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా తేగా, ఆ యధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ పంపినది. తమకు అక్కరకు మించినది తమది కాదని ఆమె నిశ్చయము. బీడీకిని మద్యమునకును పోవు పైకమును ఇట్లే తలపవలయును. మానిన దినమున మిగిలిన రూపాయలను పూజాగృహమున ఒక డబ్బాలో వేసి, మాసాంతమున పిల్లల ఎదుట లెక్కించి, సగము వారి చదువునకు, సగము దాసోహమునకు ఈయవచ్చును. ఆ డబ్బా తాళపుచెవి మాత్రము గృహిణి కొంగున నుండుట మేలు.