చిన్న దేశం - సొంత నీళ్లు

మన ఇంట్లో నీళ్లు లేవు. పక్కింటి బావికి వెళతాం. ఒకరోజు వాళ్లతో మాటా మాటా పెరిగింది. మర్నాడు బిందె పట్టుకుని వాళ్ల గుమ్మం తొక్కగలమా?

ఒక దేశానికే ఈ కష్టం వచ్చింది. అది సింగపూర్.

సింగపూర్ చిన్న దీవి. మన జిల్లా అంత కూడా ఉండదు. వానలు బాగా పడతాయి. కాని నీళ్లు నిలవ చేసే చోటు తక్కువ. పక్క దేశం మలేసియా. రెండింటి మధ్య సముద్రంలో ఒక కట్ట ఉంది. ఆ కట్ట మీదుగా గొట్టాలలో నీళ్లు వచ్చేవి.

1942లో జపాను సైన్యం దండెత్తింది. అప్పుడు సింగపూర్‌ను ఏలేది బ్రిటిష్‌వాళ్లు. శత్రువు రాకుండా వాళ్లే కట్టను పేల్చారు. నీళ్ల గొట్టమూ తెగిపోయింది. జనం నీళ్లకు అల్లాడారు. ఫిబ్రవరి 15న బ్రిటిష్‌వాళ్లు లొంగిపోయారు. నీళ్ల కొరత కూడా అందుకు ఒక కారణం.

1965లో సింగపూర్ మలేసియా నుంచి విడిపోయి వేరే దేశమైంది. నీళ్లు ఇస్తామని ఒప్పందాలు ఉన్నాయి. అయినా కుళాయి తిప్పే చెయ్యి పక్కవాళ్లది. మరి ధైర్యం ఎలా వస్తుంది?

అందుకే మూడు పనులు చేశారు.

ఒకటి: వాన నీళ్లు పట్టారు. మురికి పట్టిన నదిని పదేళ్లు కష్టపడి బాగుచేశారు. 2008లో సముద్రం ఒడ్డున ఆనకట్ట కట్టారు. ఇప్పుడు అక్కడ 17 చెరువులు ఉన్నాయి.

రెండు: వాడిన నీళ్లను శుభ్రం చేశారు. 2003 నుంచి ఆ నీళ్లు మళ్లీ వాడుతున్నారు. ఎక్కువ భాగం ఫ్యాక్టరీలకు పోతాయి.

మూడు: 2005 నుంచి సముద్రం నీళ్లలో ఉప్పు తీసేస్తున్నారు. దీనికి కరెంటు చాలా కావాలి. ఖర్చు ఎక్కువే. అయినా కరువులో ఆదుకుంటాయి.

2011లో ఒక ఒప్పందం గడువు తీరింది. సింగపూర్ కంగారు పడలేదు. ఇంకో ఒప్పందం 2061 దాకా ఉంది. ఆ నీళ్లు ఇప్పటికీ కొంటున్నారు. ఇరుగుపొరుగుతో సఖ్యత మంచిదే. కాని ఇప్పుడు బేరం కుదరకపోతే గొంతు ఎండిపోతుందన్న భయం తగ్గింది.

దేశానికి తుపాకులు ఒక్కటే కాపలా కాదు. సొంత నీళ్లు, సొంత సంపాదన కూడా కాపలాయే. చేబదులు తీసుకోవచ్చు. చేబదులు మీదే బతకకూడదు. ఇంటికైనా, దేశానికైనా ఇదే మాట.

ఆలోచించండి - చెప్పండి

1. 1942లో నీళ్ల గొట్టం ఎందుకు తెగింది?
2. సింగపూర్ చేసిన మూడు పనులు ఏవి?
3. మీ ఊళ్లో వాన నీళ్లు ఎటు పోతున్నాయి? వాటిని ఎలా ఆపవచ్చు?