లడ్లో పట్టణము – దాని నేలిన వంశములు

ఒక కోటను ఎవరు కట్టిరో, ఎవరు ఏలిరో తెలిసికొన్నంత మాత్రమున దాని చరిత్ర తెలిసినట్లు కాదు. ఆ కోట ఒక వంశమునుండి మరియొక వంశమునకు ఎట్లు చేరెనో, ఆ మార్పులలో కోట క్రింది ప్రజల బ్రతుకు ఏమయ్యెనో కూడ తెలియవలెను. ఇంగ్లండునందలి లడ్లో అను చిన్న సంతపట్టణము ఇందులకు చక్కని ఉదాహరణము. దక్షిణ భారతమున స్థిరపడిన మన తెలుగువారి చరిత్రతో కూడ దానికి కొంత సంబంధము కలదు.

ఉనికి, పుట్టుక

లడ్లో ష్రాప్‌షైరు సీమలో, వేల్సు సరిహద్దునకు చేరువగా, టీమ్ నది యొడ్డున ఒక మెట్టపై నున్నది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప, సరిహద్దును కాచుటకై వారి రాజు తన అనుచరులకు ఇచ్చట భూములొసగెను. వారిలో లాసీ వంశీయులు 11వ శతాబ్దపు చివరిభాగమున ఈ మెట్టపై రాతికోటను కట్టిరి. కోట యున్నచోట కావలి యుండును. కావలి యున్నచోట వర్తకుడు ధైర్యముగా బండి విప్పును. కావుననే కోట వాకిట సంత వెలసెను. సంత వీధినుండి నదివైపునకు దిగు తిన్నని వీధులు 12వ శతాబ్దమున రూపొందెను. 1233లో ప్రాకారము కట్టుకొనుటకు పట్టణమునకు రాజానుమతి లభించెను.

ఆడుబిడ్డల ద్వారా చేరిన కోట

ఆనాటి ఇంగ్లీషు ధర్మము ననుసరించి, కుమారులున్నచో ప్రభువు భూమి యంతయు జ్యేష్ఠునకే చెందును. కుమారులు లేనిచో కుమార్తెలు సమముగా పంచుకొందురు. అయితే స్త్రీ ఆస్తిపై పెత్తనము భర్తదే. లడ్లో చరిత్రకు ఈ ధర్మమే తాళపుచెవి.

1241లో వాల్టర్ డి లాసీ మరణించెను. కుమారుడు అంతకుముందే గతించినందున ఇరువురు మనుమరాండ్రు ఆస్తికి వారసులైరి. వారిలో మాడ్ అను నామె జెఫ్రీ డి జెనెవిల్ అను ఫ్రెంచి ప్రభువును వివాహమాడెను. ఈ దంపతుల మనుమరాలు జోన్, 1301లో రోజర్ మోర్టిమర్‌ను పెండ్లాడెను. ఇట్లు అరువది యేండ్లలో కోట రెండు పర్యాయములు వంశము మారెను.

రోజర్ మోర్టిమర్ మిక్కిలి సాహసి. 1323లో లండను చెరనుండి తప్పించుకొని, రాణి ఇసబెల్లాతో చేరి, 1327లో రెండవ ఎడ్వర్డును సింహాసనమునుండి దింపెను. ఎంత వేగముగా ఎక్కెనో అంత వేగముగా పడెను, 1330లో ఉరితీయబడెను. అయినను అతని సంతతివారు మరల వృద్ధిలోనికి వచ్చి, రాజవంశముతో వియ్యమందిరి. 1425లో కడపటి మోర్టిమర్ సంతానము లేక గతింపగా, కోట అతని సోదరి ఆన్ కుమారుడైన యార్కు ప్రభువు రిచర్డునకు దక్కెను.

ప్రభువుల పోరు – ప్రజల పాట్లు

యార్కు, లాంకాస్టరు వంశములు సింహాసనమునకై పోరాడిన కాలమది. 1459 అక్టోబరులో లడ్లో చెంత ఇరుసేనలు ఎదురెదురుగా నిలిచెను. రాత్రికి రాత్రి రిచర్డు పారిపోయెను. తెల్లవారగనే రాజసైన్యము పట్టణముపై బడి దోచుకొనెను. తప్పించుకొన్నవాడు ప్రభువు, దెబ్బతిన్నవారు వర్తకులు, చేతిపనివారు. 1461లో రిచర్డు కుమారుడు నాలుగవ ఎడ్వర్డుగా రాజై, పట్టణమునకు స్వపరిపాలన హక్కు నొసగెను. కోట రాజుల సొత్తయ్యెను.

పిదప వేల్సు ప్రాంతమును పాలించు మండలి ఈ కోటలో కొలువుదీరెను. యువరాజు ఆర్థరు 1502లో ఇచ్చటనే మరణించెను. మిల్టను రచించిన ఒక నాటకము 1634లో ఈ కోటలోనే ప్రదర్శింపబడెను. 1689లో మండలి రద్దుకాగా కోట పాడుపడెను.

క్లైవు వంశము – మన దేశము

ఆర్కాటు, ప్లాసీ యుద్ధములలో పేరుగాంచిన రాబర్టు క్లైవు ష్రాప్‌షైరు వాడు. మన దేశమున గడించిన ధనముతో అతడు ఆ సీమలో భూములు కొనెను. అతని కుమారుడు ఎడ్వర్డు క్లైవు 1774 నుండి 1794 వరకు పార్లమెంటున లడ్లో ప్రతినిధి. 1798 నుండి 1803 వరకు మదరాసు గవర్నరు. అతని కాలముననే 1799లో శ్రీరంగపట్టణము కూలెను. ఆ యేడే తెలుగు మూలముగల పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన ఉరితీయబడెను. 1800లో నిజాము బళ్ళారి, కడప ప్రాంతములను కంపెనీకి దత్తము చేసెను.

ఎడ్వర్డు భార్య హెన్రియెట్టా, లడ్లో కోటను కౌలుకు కలిగియుండిన పోవిస్ ప్రభువు చెల్లెలు. అన్నకు సంతానము లేదు. కావున మరల ఆడుబిడ్డ ద్వారానే ఆస్తి చేతులు మారెను. ఎడ్వర్డు 1804లో పోవిస్ ప్రభువై, 1811లో లడ్లో కోటను కొనెను. టిప్పు సుల్తానునకు చెందిన గుడారము మొదలగు వస్తువులు నేటికిని పోవిస్ కోటలో నున్నవి.

నిలిచిన దేది?

లాసీలు పోయిరి, మోర్టిమర్లు పోయిరి, యార్కులు పోయిరి. కోట నేడు పైకప్పులేని గోడల సముదాయము. దాని వాకిట సంత మాత్రము నేటికిని జరుగుచున్నది. పూర్వము ఆ పట్టణమున యాత్రికుల సంఘమని పేరుగల శ్రేణి యొకటి యుండెడిది. ఉన్ని వర్తకులు మొదలగువారు అందు సభ్యులు. ఆ సంఘము చందాలతో, ఇండ్ల అద్దెలతో ఒక పాఠశాలను, వృద్ధుల ఆశ్రమమును నడిపెను. 16వ శతాబ్దమున ప్రభుత్వము ఇట్టి సంఘములను రద్దుచేసినప్పుడు, 1552లో దాని ఆస్తి పురపాలకులకు సంక్రమించెను. బడిని నడుపవలెనను బాధ్యతయు ఆ ఆస్తితోడనే వారికి వచ్చెను.

ఇందలి నీతి మనకు దూరమైనది కాదు. పరభాషాప్రాంతమున మన తెలుగు బడి నిలుచుట ఏ ప్రభువు దయవలనను కాదు. పిల్లలను పంపు తలిదండ్రులును, శ్రద్ధతో చదువు పిల్లలును ఉన్నంతకాలము అది నిలుచును.

అభ్యాసము

1. కోట వాకిట సంత వెలయుటకు కారణమేమి?
2. లడ్లో కోట స్త్రీల ద్వారా ఎన్నిమార్లు చేతులు మారెను? పటము గీయుడు.
3. 1459లో నష్టపోయినవారెవరు?
4. మీ ఊరి సంత ఎప్పుడు, ఎట్లు ఏర్పడెనో పెద్దలనడిగి పది వాక్యములు వ్రాయుడు.