నమూనా నుండి ఉత్పత్తికి

కొల్లేటికి తూర్పున, భీమవరం సమీపంలోని మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారు ట్రాంబేలోని అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్ పరికరాల నిర్మాణానికి సారథ్యం వహించారు. ప్రయోగశాలలో పుట్టిన పరికరం దేశానికంతటికీ అందాలంటే కర్మాగారం కావాలి. అందుకై 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. ఆయనే దానికి తొలి సారథి.

ఒక యంత్రాన్ని చేయడానికి నిపుణుని హస్తవాసి చాలును. అటువంటివి వేలకొద్దీ చేయడానికి ఆ హస్తవాసి కాగితం మీదికి రావాలి. భాగాల కొలతలు, పటాలు, విడిభాగాల పట్టిక, పరీక్షించే తీరు, అనుమతింపదగిన హెచ్చుతగ్గులు అన్నీ వ్రాతలో ఉండాలి. నమూనా చేసినవాడు దగ్గర లేకున్నా వేరొకడు వాటిని చూచి అదే యంత్రాన్ని చేయగలగాలి. తాళపత్రాలను ఎత్తి వ్రాసిన లేఖకులను తలచుకొనండి. మాతృకలో జారిన అక్షరం ప్రతులన్నింటా జారుతుంది. సాహిత్యంలోనైతే పరిష్కర్తలు తరువాత దిద్దుతారు. కర్మాగారం నుండి వెలువడిన వస్తువులను దిద్దడం అంత సులభం కాదు.

ఇదే సంస్థ 1979లో ఓటింగు యంత్రపు నమూనాను రూపొందించింది. 1980 ఆగస్టులో ఎన్నికల సంఘం దానిని రాజకీయ పక్షాల ప్రతినిధులకు ప్రదర్శించి చూపింది. 1982 మేలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో యంత్రాలను వాడారు. యంత్రం ఓట్లను లెక్కించింది. కాని వివాదం న్యాయస్థానానికి చేరింది. యంత్రం ద్వారా ఓటు వేయడానికి చట్టంలో అవకాశం లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేంద్రాలలో మరల పోలింగు జరిగి ఫలితమే తారుమారయింది. ఇంజనీర్ల పటాలు ఉన్నవి; లేనిది చట్టంలోని వాక్యం. అదికూడా ఉత్పత్తికి కావలసిన పత్రమేనని నా అభిప్రాయం.

1988 డిసెంబరులో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి 61ఏ విభాగాన్ని చేర్చింది. ఈసీఐఎల్‌తో పాటు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడ యంత్రాలను తయారు చేసింది. అయినను తొందరపడలేదు. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ నియోజకవర్గాలలో పరీక్షించి, 2004 నాటికి 543 లోక్‌సభ స్థానాలన్నింటా వినియోగించారు. పోలింగు ముగియగానే ప్రిసైడింగు అధికారి యంత్రపు సంఖ్యను, నమోదైన ఓట్ల మొత్తాన్ని 17సీ అనే పత్రంలో వ్రాసి, అభ్యర్థుల ఏజెంట్లకు దాని ప్రతులను అందజేస్తారు.