కొత్త సిమెంటు కళ్ళానికి నెర్రెలా? చివరి డబ్బు ఇచ్చేముందు చూసుకోండి

అలిపిరి: శేషాచలం కొండల కింద శెనక్కాయ, వరి పండించే చిన్న రైతుల్లో చాలామంది మట్టి కళ్ళం మాని సిమెంటు కళ్ళం వేయించుకుంటున్నారు. ఏటా కళ్ళం చెక్కి, పేడతో అలికి చదును చేసే మనుషులు దొరకడం లేదు. కొందరు ఇంటి ముందర వాకిలినే వెడల్పు చేసి, ట్రాక్టరు వచ్చే బాటగానూ, పంట ఎండబెట్టే కళ్ళంగానూ రెండు విధాలా వాడుకుంటున్నారు. ఆలోచన మంచిదే. అయితే పంట అమ్మిన డబ్బు పెట్టి వేయించిన కళ్ళం నెల తిరక్కుండానే నెర్రెలిచ్చి, కాలితో రాస్తే పిండి రాలితే ఆ రైతు గతేమిటి?

ఇది చూపుకు బాగాలేదన్న మాట మాత్రమే కాదు. పిండి రాలే కళ్ళం మీద వడ్లు ఆరబోస్తే ఇసుక కలిసి మిల్లు దగ్గర ధర తెగుతుంది. గుంటల్లో నీళ్ళు నిలిచే కళ్ళం మీద శెనక్కాయలు పోస్తే అడుగు కాయ తడిసి బూజు పడుతుంది. ఆ బూజు వల్లే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వానకారు శెనక్కాయ మన దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంటికి వస్తుంది. సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వానలు పడేది కూడా అప్పుడే. కళ్ళం పని చేయాల్సింది ఆ నాలుగు ఎండ రోజుల్లోనే. అప్పుడు మోసం చేసిన కళ్ళం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అందువల్ల పనిలో లోపం ఎట్లా కనిపెట్టాలి, ఏ లోపానికి ఏ మరమ్మతు ఒప్పుకోవాలి, మేస్త్రి మాట వినకపోతే ఎవరి దగ్గరికి పోవాలి అనేవి వరుసగా తెలుసుకుందాం.

మంచి పని ఎట్లా ఉండాలి?

లోపం తెలియాలంటే ముందు సరైన పని తెలియాలి. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న కళ్ళం ఒకటి లెక్కకు తీసుకుందాం.

1. అడుగు నేల: పైమట్టి, గడ్డి వేళ్ళు తీసేసి, 4 నుంచి 6 అంగుళాల గ్రావెలు పరిచి, నీళ్ళు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. కొత్తగా మట్టి తోలి పూడ్చిన చోట అయితే పొరలు పొరలుగా తడిపి కొట్టాలి. నెర్రెల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే.

2. పాళ్ళు: 1 పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, 3 పాళ్ళు కంకర అయితే పై లెక్క కళ్ళానికి సుమారు 30 బస్తాల సిమెంటు పడుతుంది. 1:2:4 పాళ్ళయితే సుమారు 24 బస్తాలు. ఖాళీ సంచులు మేస్త్రికి ఇవ్వకుండా మీ దగ్గరే పెట్టుకుని లెక్కపెట్టండి. సంచులు 16, 17 తేలితే మిగతా సిమెంటు మాట మేస్త్రినే అడగాలి.

3. నీళ్ళు: బస్తా సిమెంటుకు 25 నుంచి 30 లీటర్లు చాలు. కూలీలకు పని సులువవుతుందని మిల్లరులో బిందెలు బిందెలు పోస్తే కాంక్రీటు జారుగా పారుతుంది గాని గట్టిపడదు. ఇసుక తడిగా ఉంటే నీళ్ళు ఇంకా తగ్గించాలి.

4. ఇసుక: గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, ఉప్పు కలిపిన నీళ్ళు నింపి, బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద బురద పొర పేరుకుంటుంది. అది ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ ఇసుక పనికి రాదు. వాగు ఇసుక కొనేవాళ్ళు ఈ పరీక్ష తప్పక చేయాలి.

5. వాలు: ప్రతి 5 అడుగులకు 1 అంగుళం వాలు ఉండాలి. 20 అడుగుల కళ్ళానికి ఒక అంచు 4 అంగుళాలు పల్లంగా ఉండాలి. వాలు ఇంటి గోడవైపు కాక కాలువవైపు పెట్టాలి.

6. పలకలు: మొత్తం ఒకే ముద్దగా పోయకూడదు. 8 నుంచి 10 అడుగులకు ఒక గాడి వదలాలి. కోసే గాడి లోతు మందంలో నాలుగో వంతుకు తగ్గకూడదు. కాంక్రీటు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. మనం గాడి ఇవ్వకపోతే అదే తనకు తోచిన చోట పగులుతుంది.

7. తడపడం: మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. మన ఎండలకు 14 రోజులు తడిపితే మేలు. మట్టి కట్ట కట్టి నీళ్ళు నిలపడం, గోనెపట్టాలు కప్పి తడపడం రెండూ మంచివే. కాంక్రీటు పూర్తి బలం లెక్కించేది 28 రోజులకు. అంతదాకా ట్రాక్టరు ఎక్కించకండి.

నిండుగా లోడు ఎత్తిన ట్రాక్టరు ట్రైలరు రోజూ తిరిగే బాటకు 4 అంగుళాలు చాలవు, 6 అంగుళాలు వేయించాలి. మేస్త్రికి ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత తప్పు మీమీదికి నెడతాడు.

లోపాలు ఎట్లా కనిపెట్టాలి?

పెద్ద పనిముట్లు అక్కర్లేదు. మేకు, సుత్తి, నాలుగు బిందెల నీళ్ళు, కొలత టేపు చాలు.

మేకుతో గీయండి. తెల్లగా సన్నగీత పడితే పర్వాలేదు. గాడి పడి పిండి లేస్తే పైపొర బలహీనం. నీళ్ళు ఎక్కువ పోశారనో, పైకి తేలిన నీళ్ళు ఆరకముందే తాపీతో రుద్దారనో, పొడి సిమెంటు చల్లి నున్నగా చేశారనో, సరిగా తడపలేదనో అర్థం.

సుత్తితో తట్టండి. గంగాళం మీద తట్టినట్టు డొల్ల శబ్దం వచ్చిన చోట పైపొర ఊడి ఉంటుంది, లేదా అడుగు నేల కుంగి ఖాళీ ఏర్పడి ఉంటుంది. ఆ చోట్లకు సుద్దతో గుర్తు పెట్టండి.

నీళ్ళు పోయండి. నాలుగు మూలలా, నడిమధ్యా పోసి అరగంట తర్వాత చూడండి. ఎక్కడ నిలిచిందో అక్కడ సుద్దతో గీత గీయండి.

అంచున తవ్వి మందం కొలవండి. ఒక్క చోట కాదు, నాలుగు వైపులా. అంచులో 4 అంగుళాలు చూపించి నడుమ రెండున్నరతో సరిపెట్టేవాళ్ళూ ఉన్నారు. అనుమానం బలంగా ఉంటే నడుమ ఒక చిన్న రంధ్రం వేయించి కొలవాలి.

నెర్రెలు చూడండి. అన్ని నెర్రెలూ ఒకటి కావు. వేసిన రోజే వెంట్రుక మందాన పైపైన వచ్చే గీతలు వేడిగాలికి తడి తొందరగా ఆరడం వల్ల వచ్చేవి. వీటితో కళ్ళం పాడు కాదు. ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా పోయే నెర్రె, వెడల్పు నానాటికీ పెరిగే నెర్రె, ఒకవైపు పలక కిందికి కుంగిన నెర్రె మటుకు అడుగు నుంచి వచ్చినవి. నెర్రె రెండు కొసలా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. పదిహేను రోజుల తర్వాత అది గీత దాటిందా లేదా అనేదే మీ సాక్ష్యం.

ఏ మరమ్మతు ఒప్పుకోవచ్చు?

"ఏం కాదన్నా, ఎండకు అట్లే వస్తాది, పైన సిమెంటు పాలు పోస్తే సరిపోతాది" అనేది మేస్త్రీలు తరచుగా చెప్పే మాట. వెంట్రుక గీతలకు ఆ మాట కొంత నిజం. మిగతా వాటికి కాదు.

పిండి రాలే కళ్ళం మీద సిమెంటు పాలు పోస్తే ఆ పొర నిలవదు. కింద పట్టు లేనిదానికి పైన ఏం పూసినా రెక్కలు రెక్కలుగా లేచిపోతుంది. బలహీన పొరను గట్టి భాగం తగిలేదాకా చెక్కి, కడిగి, తడిపి, కొత్త కాంక్రీటు కనీసం 2 అంగుళాలు వేయాలి.

పలక కుంగితే నెర్రెను పూడ్చడం దండగ. ఆ పలక మొత్తం తీసి, అడుగు మళ్ళీ దిమ్మిస కొట్టి, కొత్తగా పోయాలి. పలకలుగా విడదీసి ఉంటే ఒకటే తీస్తే సరిపోతుంది. గాడులు పెట్టించడంలో ఇది ఇంకో లాభం.

నీళ్ళు నిలిచే గుంట చిన్నదైతే అక్కడ చెక్కి సరిచేయవచ్చు. మొత్తం వాలే ఇంటివైపు ఉంటే మరమ్మతుతో పోయేది కాదు.

మందం తక్కువైతే రెండే దార్లు. మళ్ళీ వేయాలి, లేదా తగ్గిన సరుకుకు తగ్గట్టు డబ్బు తగ్గించుకోవాలి.

నీళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు నడకదారి దెబ్బతిని, 2022 మే నెలలో గాని మళ్ళీ తెరుచుకోలేదు. కొండ నుంచి దిగే నీళ్ళకు దారి చూపకుండా వేసిన ఏ కట్టడమైనా అంతే. కళ్ళం పై అంచున ఒక కాలువ తీయిస్తే అడుగు మట్టి కోసుకుపోదు.

చేతిలో డబ్బు ఉన్నప్పుడే మాట చెల్లుతుంది

పని పూర్తయిన రోజే మొత్తం ఇచ్చేస్తే తర్వాత మేస్త్రి ఫోను ఎత్తడు. అట్లాగని కూలీల కడుపు కొట్టకూడదు. మొదటే తెల్లకాగితం మీద రాసుకోవాలి: పొడవు, వెడల్పు, మందం, పాళ్ళు, గాడుల దూరం, వాలు ఏ వైపు, సరుకు ఎవరిది, తడిపేది ఎవరు, మొత్తం ఎంత. అందులో అయిదో వంతు డబ్బు 28 రోజుల తర్వాత, నీళ్ళు పోసి చూశాక ఇస్తానని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. తడిపే పని మీ వంతయితే రోజూ తడిపి ఫోటో తీసి పెట్టుకోండి. తడపనందుకే పగిలిందనే మాట మొదట మీమీదికే వస్తుంది.

లోపం కనబడితే ముందు మేస్త్రిని పిలిచి, పెద్దమనిషి ఒకరి ఎదుట చూపించండి. పని జరగకపోతే ఇట్లా ఉత్తరం రాయండి:

"అయ్యా, ఫలానా తేదీన మీరు మా ఇంటి వద్ద వేసిన సిమెంటు కళ్ళం ఒప్పుకున్న 4 అంగుళాలకు బదులు మూడు చోట్ల రెండున్నర అంగుళాలే ఉన్నది. రెండు పలకలు కుంగినవి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఆ పలకలు తీసి మళ్ళీ వేయగలరు. లేనిచో వేరే వారితో వేయించుకుని ఆ ఖర్చు మీ నుంచి రాబట్టుకొనుటకు చట్ట ప్రకారం చర్య తీసుకొనగలను."

కొలతలు మీవి రాసుకోండి. స్పీడు పోస్టులో పంపి రశీదు, ఉత్తరం నకలు దాచండి. కళ్ళం పగలగొట్టే ముందు ఫోటోలు తీయించండి. వీలైతే డిప్లొమా చదివిన సివిల్ ఇంజనీరుతో చూపించి కాగితం రాయించుకోండి.

వినియోగదారుల కమిషన్

1993లో సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఇళ్ళ నిర్మాణం కూడా వినియోగదారుల చట్టం కింద సేవేనని చెప్పింది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ మన ఆంధ్రప్రదేశ్ రైతులకూ మధ్య నడిచిన కేసులో, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని అదే కోర్టు తీర్పు ఇచ్చింది. పంట అమ్ముకుంటాడు గనుక వ్యాపారి అవుతాడన్న వాదన నిలబడలేదు.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 చట్టం. దాని ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. లోపం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్ళ లోపల వేయాలి. ఇంటి నుంచే సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. పేద రైతులకు ఉచిత న్యాయ సహాయం కోసం 15100 ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సరుకు మీరే తెచ్చి, మీరే దగ్గరుండి చేయించి, మేస్త్రికి రోజుకూలి ఇస్తే అది వ్యక్తిగత సేవ కిందికి పోయి కేసు నిలవకపోవచ్చు. మొత్తానికి ఇంత అని గుత్తకు ఇచ్చినప్పుడే ఈ చట్టం బలంగా పనికొస్తుంది.

రైతులు అడిగేవి

ప్రశ్న: మా ఇంటి ముందర పంచాయతీ వాళ్ళు వేసిన సిమెంటు రోడ్డు ఆరు నెలలకే లేచిపోయింది. మేం అడగవచ్చా?

జవాబు: తప్పక అడగవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, ఎం-బుక్కు నకళ్ళు కోరండి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నాయి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుం లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాంట్రాక్టరు సొంత ఖర్చుతో లోపాలు సరిచేయాల్సిన గడువు ఎంత ఉందో ఒప్పందం చూసి తెలుసుకోండి. ఆ గడువు దాటకముందే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం ముఖ్యం.

ప్రశ్న: రాతకోతలు ఏమీ లేవు. డబ్బు మొత్తం ఇచ్చేశాను. ఇక దారి లేదా?

జవాబు: ఉంది. బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా పంపిన డబ్బు వివరం, సిమెంటు బిల్లులు, ఫోటోలు, చూసిన ఇరుగుపొరుగు సాక్ష్యం కూడా పనికొస్తాయి. ఆలస్యం చేయకుండా ముందు ఉత్తరం పంపండి.

ప్రశ్న: పంట కోతకు వచ్చింది. కళ్ళం తగాదా తేలలేదు. ఎట్లా?

జవాబు: పంటను ఆపకండి. పాడైన పలకల మీద టార్పాలిన్ పరిచి ఎండబెట్టుకోండి. శెనక్కాయ చేతిలో గలగల శబ్దం వచ్చేదాకా, తేమ 8 శాతానికి తగ్గేదాకా ఎండాలి. టార్పాలిన్‌కు, అదనపు కూలికి అయిన ఖర్చు బిల్లులు దాచండి. నష్టపరిహారంలో వాటినీ అడగవచ్చు.

ఎండాకాలంలో కళ్ళం వేయించే రైతులు పనిని సాయంత్రం పూట మొదలుపెట్టించాలి, అడుగు నేలను ముందురోజే తడిపించాలి. పోస్తున్నంతసేపు ఇంట్లోవాళ్ళు ఒకరు మిల్లరు దగ్గరే నిలబడి బస్తాలు, బిందెలు లెక్కపెట్టాలి. ఆ ఒక్క పూట కాపలా తర్వాత రెండేళ్ళ తిరుగుడు తప్పిస్తుంది.