ఓడను ‘స్కటిల్’ చేయడం అంటే?

ప్రశ్న: యుద్ధ చరిత్రల్లో ఓడను ‘స్కటిల్’ చేశారని చదువుతుంటాను. ‘సింక్’ అంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. సింక్ అన్నప్పుడు ఓడ తుపానుకు మునిగినా, శత్రువు ముంచినా కావచ్చు. స్కటిల్ అంటే కావాలని ముంచేయడం. సాధారణంగా ఆ పని చేసేది సొంత సిబ్బందే. ఓడ అడుగున సముద్రపు నీటిని ఆపే కవాటాలు తెరిచేస్తారు, నీరు గదిగదికీ పాకేలా లోపలి తలుపులూ తెరిచిపెడతారు. ఓడ శత్రువు చేతికి చిక్కకూడదన్నదే తరచుగా ఉద్దేశం. 1919 జూన్ 21న స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లోలో అడ్మిరల్ రాయిటర్ ఆదేశంతో జర్మన్ నావికులు తమ నౌకలు 52 ఇలాగే ముంచేశారు.

వార్తల్లో ఒప్పందాన్ని స్కటిల్ చేశారంటే, పనిగట్టుకుని చెడగొట్టారని అర్థం. దానంతటదే వీగిపోయిన ఒప్పందానికి ఈ మాట వాడకండి.