పైలట్లకు వైద్య ధ్రువపత్రం: గుర్తుంచుకోవాల్సిన బిట్లు

ప్రాథమికం: షికాగో ఒప్పందం, 1944 డిసెంబరు 7. దాని అనుబంధం-1 సిబ్బంది లైసెన్సింగ్‌కు సంబంధించింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) కేంద్రం మాంట్రియల్. మన దేశంలో నియంత్రణ సంస్థ డీజీసీఏ, న్యూఢిల్లీ. 1934 విమానాల చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్-2024, అమలు 2025 జనవరి 1. తాజా అంశం, వదలొద్దు.

క్లాస్-1: కమర్షియల్ (కనీస వయసు 18), ఎయిర్‌లైన్ (21) పైలట్లకు. క్లాస్-2: ప్రైవేట్ (17) పైలట్లకు. క్లాస్-3: ట్రాఫిక్ కంట్రోలర్లకు. జతపరచమని అడుగుతారు.

తిరకాసు ఇక్కడే: ప్రైవేట్ పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలంటే, ఐకావో ప్రకారం వినికిడి మాత్రం క్లాస్-1 స్థాయిలో ఉండాలి. హెడ్‌ఫోన్ పెట్టి ఒక్కో చెవికి విడిగా పరీక్ష. లోపం 500, 1000, 2000 హెర్ట్జ్ వద్ద 35 డెసిబెల్స్, 3000 వద్ద 50 మించరాదు.

క్లాస్-1 దూరదృష్టి: ఒక్కో కంటికి 6/9, రెంటికీ కలిపి 6/6, అద్దాలు పెట్టుకోవచ్చు. గడువు 12 నెలలు. 60 దాటితే 6.

బెంగళూరులోని వైమానిక దళ ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ (1957) జగ్గయ్యపేట, నందిగామ అభ్యర్థులకూ తెలిసుండాలి.