సుత్తి కంటే ముందు ఫ్రీజర్

చికాగోకు నైరుతి దిక్కున మేజన్ క్రీక్ అని ఒక వాగు ఉంది. నేపర్‌విల్, అరోరాల్లో ఉండే మనవాళ్లకు కారులో గంట ప్రయాణం. ఆ చుట్టుపక్కల నేలలో తుప్పు రంగు గుండ్రాళ్లు దొరుకుతాయి. భూవిజ్ఞానులు వాటిని నాడ్యూల్స్ అంటారు. జాగ్రత్తగా తెరిస్తే కొన్నిటిలో సుమారు 31 కోట్ల ఏళ్ల నాటి ఫెర్న్ ఆకో, రొయ్యో, పురుగో కనిపిస్తుంది. ఏరడానికీ తెరవడానికీ డిగ్రీలు అక్కర్లేదు. అనుమతి, బకెట్టు, ఓపిక ఉంటే చాలు. అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది ఓపికే.

రాయిలో శిలాజం మనకు కొత్తేమీ కాదు. పూజామందిరంలోని సాలగ్రామం అలాంటిదే. నేపాల్‌లో కాళీ గండకి ఒడ్డున దొరికే ఆ నల్లరాతిలో చక్రంలా కనిపించేది ఆమొనైట్ అనే సముద్రజీవి గుల్ల. సాలగ్రామాన్ని పగలగొట్టాలని ఎవరూ అనుకోరు. మేజన్ క్రీక్ రాళ్లను ఏరుకునేదే తెరవడానికి.

రాయి లోపలికి ఆకు ఎలా చేరింది?

ఇది తెలిస్తే రాయిని ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది. అప్పట్లో ఇల్లినాయ్ భూమధ్యరేఖకు దగ్గరగా ఉండేది. చిత్తడి అడవుల మధ్య నుంచి నదులు వచ్చి లోతు తక్కువ సముద్రంలో కలిసేవి. వరద బురద కింద పడిన ఆకునో, రొయ్యనో బాక్టీరియా తినడం మొదలుపెట్టేది. అప్పుడు వెలువడిన కార్బన్ డయాక్సైడ్ నీటిలోని ఇనుముతో కలిసి సిడరైట్ అనే ఖనిజంగా ఆ కళేబరం చుట్టూ గట్టిపడింది. శరీరం పూర్తిగా కుళ్లకముందే రాతి పెట్టె తయారైందన్నమాట. ఎముకా గుల్లా లేని మెత్తటి ప్రాణులు కూడా ఇక్కడ మిగిలింది అందుకే. ఆకు పరుచుకున్న తలమే రాయికి బలహీనమైన తలం. సరిగ్గా తెరిస్తే రాయి అక్కడే విడిపోతుంది.

ముందు అనుమతి

ఈ రాళ్లు ఎక్కువగా బయటపడింది బొగ్గు గనుల వల్ల. బొగ్గు పొర మీదున్న షేల్‌ను పెద్ద యంత్రాలతో తవ్వి గుట్టలుగా పారబోశారు. ఆ గనుల్లో పేరుమోసిన పిట్ 11లో కొంత భాగం ఇప్పుడు బ్రెయిడ్‌వుడ్ అణువిద్యుత్ కేంద్రానికి నీళ్లిచ్చే చెరువు. ఆ ప్రాంతంలోనే మజోనియా-బ్రెయిడ్‌వుడ్ అనే ప్రభుత్వ వన్యప్రాణి ప్రాంతం ఉంది. కొత్తవాళ్లు మొదట వెళ్లాల్సింది అక్కడికే.

ఇల్లినాయ్ సహజ వనరుల శాఖ నుంచి పర్మిట్ తీసుకుని వెళ్లాలి. మజోనియా సౌత్ యూనిట్‌లో మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఏరుకోనిస్తారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు మరోసారి చూసుకోండి. వాగు ఒడ్డున ప్రైవేటు పొలాలున్నాయి. యజమానిని అడగకుండా కంచె దాటకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను.

ఎప్పుడు వెళ్లాలి, ఏం ఏరాలి?

మార్చి, ఏప్రిల్ నెలల్లో, మంచి వాన పడి వెలిసిన మర్నాడు వెళ్లండి. వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తేలుస్తుంది, గడ్డి ఇంకా లేచి ఉండదు. జూన్ వచ్చేసరికి గుట్టలు పచ్చగా కమ్ముకుపోతాయి. అప్పుడు రాళ్ల కంటే పిడుదులే ఎక్కువ దొరుకుతాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చెవుల వెనక చూసుకోండి. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తీగను ముట్టుకుంటే వారం రోజులు గోక్కోవాల్సి వస్తుంది.

వాన నీళ్లు చేసిన చిన్న చిన్న కాలవల వెంట, వాలు కింది భాగంలో వెతకండి. మీకు కావలసిన రాయి మామిడి టెంక ఆకారంలో ఉంటుంది: కోలగా, కాస్త బల్లపరుపుగా, చుట్టూ నునుపైన అంచుతో. రంగు ఎరుపు, గోధుమ లేదా తుప్పు. ఇనుము ఉంది కాబట్టి ఆ సైజు రాయికి ఉండాల్సిన దానికంటే కాస్త బరువనిపిస్తుంది. పొరలు పొరలుగా ఊడివచ్చే బూడిదరంగు పలకలు షేల్, వాటిని వదిలేయండి. కొన్ని నాడ్యూల్స్ ఎండకు, మంచుకు తమంతట తామే విడిపోయి పడి ఉంటాయి. అలాంటి సగం కనబడితే రెండో సగం కోసం అక్కడక్కడే వెతకండి. జత దొరికితే కలిపి న్యూస్‌పేపరులో చుట్టండి. విడివిడిగా సంచిలో పడేస్తే ఇంటికొచ్చాక ఏది దేని జతో తేల్చుకోవడం పెద్ద పని.

దురాశ పడి బకెట్టు నింపకండి. ఆ బరువు కారు దాకా మోసేది మీరే.

తెరవడం

ఏరిన చోటే సుత్తితో కొట్టి చూడాలని చెయ్యి దురద పెడుతుంది. నా సలహా, సుత్తిని కారులోనే ఉంచండి. దెబ్బకు రాయి తనకిష్టమైన చోట పగులుతుంది. ఆకు మధ్యగా అడ్డంగా రెండు ముక్కలైతే అతికించినా మచ్చ పోదు. ఇక్కడ అనుభవమున్నవాళ్లు నమ్ముకునేది నీటినీ మంచునూ.

నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. బలహీనమైన తలంలోకి చేరిన నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడుతుంటే ఆ తలం కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. చేయాల్సిందల్లా ఇది. రాళ్లను మట్టి పోయేలా కడిగి బకెట్టు నీళ్లలో వారం, రెండు వారాలు నానబెట్టండి. తర్వాత పాత ఐస్‌క్రీమ్ డబ్బాలాంటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మునిగేంత నీళ్లు పోసి ఫ్రీజర్‌లో ఉంచండి. గాజు గిన్నె వద్దు, రాయి కంటే ముందు అదే పగులుతుంది. పూర్తిగా గడ్డకట్టాక బయటపెట్టి, దానంతటది కరగనివ్వండి. వేడినీళ్లు పోసి తొందర చేయకండి. కరిగాక ఒక్కో రాయి అంచు తడిమి చూడండి. సన్నటి గీత కనిపించకపోతే మళ్లీ ఫ్రీజర్‌లోకే.

తుప్పు లోపలి దాకా పాకిన రాళ్లు కొద్ది విడతల్లోనే నోరు తెరుస్తాయి. లోపల ఇంకా బూడిదరంగుగా ఉన్నవి నెలల తరబడి మొండికేస్తాయి. ఇంట్లో ఫ్రీజర్ కోసం చేపలకూ మీ రాళ్లకూ పోటీ వస్తే, చలికాలంలో బకెట్టును బాల్కనీలో పెట్టేయండి. చికాగో చలి ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది.

గీత కనిపించాక సుత్తి తీయండి. ముందు కళ్లద్దాలు పెట్టుకోండి, చదువుకునేవి కాదు, పక్కలు కూడా మూసే రక్షణ కళ్లద్దాలు. గట్టి రాతి మీదో, ఇనుప దిమ్మె మీదో నాడ్యూల్‌ను అంచు మీద నిలబెట్టి, పై అంచున గీత మీద మెల్లగా తట్టండి. తట్టడమే, కొట్టడం కాదు. నాలుగైదు తట్లకు విడిపోకపోతే ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

లోపల ఏముంటుంది?

చాలావాటిలో ఏమీ ఉండదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే మొదటి డబ్బాతోనే విసుగొస్తుంది.

ఏదో ఒకటి ఉంటే, పిట్ 11 వైపు రాళ్లలో ఎక్కువగా కనిపించేది ఆకారం లేని మరకలాంటిది. ఏరేవాళ్లు దాన్ని ‘బ్లాబ్’ అంటారు. శాస్త్రీయనామం ఎసెక్సెల్లా. దశాబ్దాల పాటు దాన్ని జెల్లీఫిష్ అనుకున్నారు. 2023లో శిలాజ శాస్త్రవేత్త రాయ్ ప్లాట్నిక్, ఆయన సహచరులు దాన్ని తలకిందులు చేసి చూసి, బురదలో పాతుకుని బతికిన సీ అనిమనీ అనే సముద్రజీవి అని తేల్చారు. కాబట్టి మరకే కదా అని విసిరేయకండి. మొక్కల్లో న్యూరోప్టెరిస్ ఆకులు, పెకోప్టెరిస్ రెబ్బలు, నక్షత్రాల్లా విచ్చుకున్న అన్యులారియా కనిపించవచ్చు. రొయ్యలు, గుర్రపునాడా పీతలు అదృష్టం కొద్దీ.

శిలాజం మీద గట్టి బ్రష్ వేయకండి. మెత్తటి టూత్‌బ్రష్, నీళ్లు చాలు. మెరుపు కోసం వార్నిష్ పూయడం కొందరికి సరదా. తర్వాత ఎవరైనా పరిశీలించాలంటే ఆ పూతే అడ్డమవుతుంది. రెండు సగాలనూ ఒకే పెట్టెలో ఉంచి, ఎక్కడ, ఏ తేదీన ఏరారో చీటీ రాసి పెట్టండి. ఆ చీటీ లేని శిలాజం మ్యూజియానికి దాదాపు పనికిరాదు.

పేర్లు తేల్చుకోవడానికి ఉత్తర ఇల్లినాయ్ ఎర్త్ సైన్స్ క్లబ్ ప్రచురించిన గుర్తింపు పుస్తకాలున్నాయి. చికాగో ఫీల్డ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నవాటితో పోల్చి కూడా చూసుకోవచ్చు. అక్కడికీ తేలకపోతే మ్యూజియం వాళ్లకే చూపించండి. ఫ్రాన్సిస్ టల్లీ అనే ఔత్సాహికుడు ఇలాగే ఒక వింత ప్రాణిని తీసుకెళితే వాళ్లకూ అంతుపట్టలేదు. పొడవైన తొండం, దాని చివర పళ్లున్న కొండి, అడ్డకర్రకు చెరో కొసన కళ్లు. 1966లో ఆ మ్యూజియం శాస్త్రవేత్త యూజీన్ రిచర్డ్‌సన్ దానికి టల్లిమాన్‌స్ట్రమ్ అని పేరు పెట్టారు. 1989లో అది ఇల్లినాయ్ రాష్ట్ర శిలాజమైంది. 2016లో వెన్నెముక ఉన్న జీవి అన్నారు, 2023లో కాదన్నారు. అది ఏ జీవవర్గానికి చెందిందో నేటికీ వాదన తెగలేదు.